ముల్లు నడిమికి వచ్చేదాకా

ఎర్రగుంట్ల దగ్గర ఓ సిమెంటు ఫ్యాక్టరీ నెహెమ్యాకు ఇరవై తొమ్మిదేళ్లు జీతమిచ్చి పంపించింది, చెవులను మాత్రం తన దగ్గరే పెట్టుకుంది. ఆ మిల్లు హోరులో మాటలు వినపడవు కాబట్టి అందరూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. మిషను బాగుందో లేదో నెహెమ్యా దానిమీద అరచెయ్యి ఆనించి చెప్పేవాడు.

ఇప్పుడు ఆదివారం చర్చి నుంచి రాగానే పాత రికార్డు ప్లేయరు మీద కీర్తనలు పెట్టుకుని, ఆ చెక్కపెట్టె మీద చెయ్యి వేసి కూర్చుంటాడు. ఏమాత్రం వినపడుతుందో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కడపలో టీచరుగా చేసే కూతురు క్రిస్టినా ఈసారి అగ్గిపెట్టెంత ప్లేయరు, ఖరీదైన హెడ్‌ఫోన్లు తెచ్చింది.

"ఆ గరగర ఇంకెన్నాళ్లు వింటావు నాయనా? దీంట్లో పాడేవాళ్లు ఊపిరి తీసేది కూడా వినపడ్తాది" అంటూ ఆయన చెవులకు తగిలించి, వంటింట్లోకి పోయింది.

ఆమె కూర దించి వచ్చేసరికి పాటలన్నీ ఎప్పుడో అయిపోయి ప్లేయరు ఆగిపోయి ఉంది. నెహెమ్యా మాత్రం హెడ్‌ఫోన్లతో గోడవైపు చూస్తూ అట్లాగే కూర్చున్నాడు.

"రికార్డు మేలా, ఇది మేలా నాయనా?"

ఆమె పెదాలు చూసి ప్రశ్న పట్టుకున్నాడు. హెడ్‌ఫోన్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది మంచిదేలేమ్మా. రికార్డయితే ముల్లు నడిమికొస్తే అయిపోయినట్టు. దీంట్లో పాట అయిపోయింది, ఇంక లెయ్యొచ్చని నాకెట్ల తెలుస్తాది?"