గురువారం సాయంత్రపు పళ్లేలు

ఆర్డిస్ లిండ్‌క్విస్ట్ బడి వంటశాలలో ముప్పై ఏళ్లు గరిటె తిప్పింది. ఆ పని మానిన మొదటి చలికాలంలోనే చర్చి కింది హాల్లో గురువారం భోజనాలు మొదలుపెట్టింది. మిన్నెసోటాలో సరస్సు గడ్డకట్టిందంటే ఒంటరివాళ్లని పలకరించేవి గోడలే. ఎవరింట్లో వండింది వాళ్లు తెచ్చేవారు, అందరూ కలిసి తినేవారు. ఉన్నది ఒక్కటే నియమం: తిన్నవాళ్లు తుడవాలి. ఆర్డిస్ తోముతుంటే మిగతావాళ్లు భుజాన గుడ్డ వేసుకుని వరసగా నిలబడి పళ్లేలు తుడిచేవారు.

వరస చివర ఎల్మర్ స్కోగెన్. తేనెటీగలు పెంచి బతికిన మనిషి. భార్య ఇంగా పోయాక, బల్ల దగ్గర ఎవరేమడిగినా "పర్వాలేదు" అని ఊరుకునేవాడు. చేతిలో తడి పళ్లెం పడితే మాత్రం నోరు పెగిలేది. అక్కడ ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు, చూపంతా పళ్లెం మీదే ఉంటుంది.

"ఆర్డిస్, ఇది తోమావా, ముద్దుపెట్టి పంపావా? అంచుకి ఇంకా చీజ్ ఉంది."

"కళ్లద్దాలు తుడుచుకో ముసలాడా. మరక వాటి మీదుంది."

ఆ ఊళ్లో ఆఖరి ముక్క ఎవరూ తీసుకోరు. మిగిలిన నిమ్మకేకుని ఒకరు సగం కోస్తారు, ఆ సగంలో సగం ఇంకొకరు కోస్తారు. చివరికి గోరంత ముక్క వంటగదికి వస్తుంది. ఎల్మర్ దాన్ని నోట్లో వేసుకుని, "మీ మొహమాటమంతా నేనే మింగాలి" అనేవాడు.

ఒకసారి అలా నములుతూనే అన్నాడు: "పోయే ముందురోజు ఇంగా ఈ నిమ్మకేకే అడిగింది. మంచు పడుతోందని నేను కొట్టుకి వెళ్లలేదు."

వరసలో పక్కన నిలబడే బెర్నీస్ ఇంకో తడి పళ్లెం అతని చేతికిచ్చింది.

నిరుడు ఆర్డిస్ వేళ్ల కణుపులు వాచాయి. కొత్తగా వచ్చిన పాస్టరమ్మ కెండ్రా అది చూసి నొచ్చుకుంది.

"ఆర్డిస్ గారూ, అతిథులతో ఈ చాకిరీ ఏంటండీ? గిన్నెలు కడిగే మిషను పెట్టిద్దాం. తిన్నాక ఓ పాట కచేరీ పెడితే డెబ్బైమంది వస్తారు."

"అందర్నీ అడుగుతాను" అంది ఆర్డిస్.

అడిగింది. అందరూ "పర్వాలేదు" అన్నారు. ఎల్మర్ కూడా అదే అన్నాడు. అక్కడివాళ్లకి ఎదురు చెప్పడం కంటే పన్ను పీకించుకోవడం తేలిక. ఆ మాటకి అర్థమేమిటో అక్కడే పుట్టి పెరిగిన ఆర్డిస్‌కి తెలియకపోలేదు. కానీ చేతులు నొప్పెడుతున్నాయి. అందుకని ఆ మాటని మాటగానే తీసుకుంది.

మిషను వచ్చిన రోజు నిజంగానే డెబ్బైమంది వచ్చారు. ఎల్మర్ గుడ్డ భుజాన వేసుకుని వంటగది గుమ్మం దాకా వచ్చాడు. లోపల మిషను గుర్రుమంటోంది.

"నాకేం పని లేదా?"

"నువ్వు హాయిగా కూర్చుని పాట విను, ఎల్మర్."

అతను గుడ్డని నాలుగు మడతలు పెట్టి గట్టు మీద ఉంచి వెళ్లాడు. ఆ గురువారం, ఆ పై గురువారం వెనక కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత వచ్చాడో లేదో ఆర్డిస్‌కి తెలియదు. ఇదివరకు వరసలో ఒక మనిషి తగ్గితే ఆమె తోమిన పళ్లెం అందుకునేవాళ్లు లేక ఆగిపోయేది. ఆ సాయంత్రమే బెర్నీస్ ఆ రాని మనిషికి ఫోన్ చేసేది. ఇప్పుడు డెబ్బై కుర్చీల్లో ఒక ఖాళీ కుర్చీ ఎవరికి కనపడుతుంది?

జనవరి చివర్లో, ఎల్మర్ ఇంటి ముందు పెట్టెలో ఉత్తరాలు పేరుకుపోయాయని పోస్ట్‌మేన్ వెళ్లి తలుపు తట్టాడు. లోపల అతను కుర్చీలోనే పోయి ఉన్నాడు. నిద్రలోనే గుండె ఆగిందనీ, నాలుగు రోజులైందనీ డాక్టరు చెప్పాడు. ఎవరున్నా ఆపగలిగేది కాదని కూడా చెప్పాడు. ఆ చివరి మాట ఆర్డిస్ చెవికెక్కలేదు. ఆమెకి నాలుగు రోజులే వినపడ్డాయి.

ఖననం తర్వాతి గురువారం ఆమె మిషను తీగ పీకేసి, తొట్టి నిండా వేడినీళ్లు పట్టింది.

"ఆర్డిస్ గారూ, మీ చేతులు..." అంది కెండ్రా.

"నా చేతుల సంగతి నేను చూసుకుంటాను, పాస్టరమ్మా. నువ్వూ ఓ గుడ్డ తీసుకో."

పాటలు లేవని తెలిసి ఆ రోజు పదకొండుమందే వచ్చారు. తినగానే లేచి వరసలో నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే చివర ఒక మనిషి పట్టేంత చోటు వదిలారు. బెర్నీస్ తుడిచిన పళ్లేలు ఆ చోటు దాటించి పేర్చడానికి ప్రతిసారీ చెయ్యి బాగా చాపాల్సి వచ్చింది. ఎవరూ వేళాకోళం ఆడలేదు.

పని అయ్యాక చూస్తే గట్టు మీది పళ్లెంలో గోరంత నిమ్మకేకు ముక్క ఉంది. అందరూ దాన్ని చూశారు. ఆర్డిస్ వాచిన వేళ్లు ఏప్రానుకి తుడుచుకుని, ముక్క వైపు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

కాసేపటికి బెర్నీస్ చాకు తీసుకుని దాన్ని సగం కోసింది.