కమానుకు దిమ్మ పెట్టిన వారం

తుంటి ఎముక విరిగిన మా అమ్మను కరీంనగర్ దవాఖాన నుంచి గోదావరిఖనికి తెచ్చుకోవాల్సిన వారమది. గట్టి కుదుపు ఒక్కటి తగిలినా అతికిన ఎముక మళ్లీ కదులుతుందని డాక్టరు హెచ్చరించాడు. మాకున్నదేమో పాత కారు. వెనక బరువు మోసే కమాను పట్టీలు కుంగిపోయి, ఇద్దరు కూర్చుంటే చాలు, బాడీ చక్రానికి రాసుకునేది.

మా ఆయన గనిలో ఓవర్‌మన్. కప్పు కుంగితే కింద దుంగ నిలబెట్టించడం ఆయన పని. కారుకూ అదే వైద్యం చేశాడు. కమానుకూ బాడీకీ మధ్య రెండు టేకు దిమ్మలు బిగించి, "చూడు, ఇగ ఇసుమంత కుంగదు" అన్నాడు. వెనక సీట్లో కూర్చుని రైల్వే గేటుదాకా వెళ్లొచ్చాను. పళ్లు టకటకలాడాయి.

"అమ్మను తెస్తరా, అమ్మ బొక్కలు మూటగట్టి తెస్తరా?" అన్నాను. రెండు రోజులు వాదులాడుకున్నాక కారును మెకానిక్ చాచా షెడ్డుకు తీసుకెళ్లాం. చాచా కారు కిందికి దూరి చూసి, పడుకునే నవ్వాడు.

"సార్, గనిల కప్పు కదిలితే మనిషి పోతడు. గీ కమాను కదలకుంటె మనిషి నడుం పోతది."

గెలిచానని మురిసిపోయాను. "గట్ల చెప్పు చాచా! దిమ్మలు పారేసి లారీ పట్టీలు రెండు ఎక్కియ్యి, గట్టిగుంటది."

"బేటీ, తెచ్చేది అమ్మనా, బొగ్గునా?"

మా ఆయన నవ్వు రోడ్డుదాకా వినపడింది. డిగ్రీ చదివానన్న నా గొప్ప ఆ పూట అక్కరకు రాలేదు.

చాచా పగిలిన పట్టీ మార్చాడు. చదునైపోయిన వాటిని కొలిమిలో కాల్చి, సుత్తితో వంపు తెచ్చి, నూనెలో ముంచాడు. బలానికి సన్నని పట్టీ ఒకటే చేర్చి, నడుమ గ్రీజు పూసి బిగించాడు.

తిరుగు ప్రయాణంలో అమ్మ తల నా ఒడిలో ఉంది. పెద్దపల్లి దాటాక, తప్పించుకోలేని గుంత ఒకటి ఎదురైంది. కళ్లు మూసుకున్నాను. కారు మెల్లగా కిందికి వంగి, మెల్లగా లేచింది.

"ఏందే, నా చెయ్యి గట్ల పిసుకుతున్నవ్?" అంది అమ్మ. "తుంటి మంచిగనే ఉన్నది. నువ్వే నా వేళ్లు ఇరగ్గొట్టెటట్టున్నవ్."