మునెమ్మ ఊపిన చక్రం

2023 మామిడి సీజన్. పూతలపట్టు కూడలిలో నాది వీల్ అలైన్‌మెంట్ షాపు. బండి చక్రాలు నేరుగా నడిచేలా సరిచేయడం, ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ఆ జీపు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సగం మంట దాని ఓనరు మీద, మిగతా సగం నా మీదే.

పల్లెల నుంచి ఆడకూలీలను మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి చేరవేసే జీపు అది. పద్నాలుగు మంది ఎక్కుతారు. డ్రైవరు చెంగల్రాయుడు నెమ్మదస్తుడు. "స్టీరింగు ఎడమకు లాగతా ఉండాదన్నా, సూడు" అన్నాడు.

ముందు ఎడమ టైరు బయటికి బాగానే కనిపించింది. లోపలి అంచు మీద చెయ్యి పెడితే, రబ్బరు అరిగి బయటపడ్డ తీగ గుచ్చుకుంది. జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. టకటకమంది. బాల్ జాయింట్ పోయింది. చక్రాన్ని బండికి కలిపి పట్టుకునే కీలు అది. ఊడితే చక్రం పక్కకు మడుచుకుపోతుంది, బండి పల్టీ కొడుతుంది.

ఓనరుకు ఫోన్ చేశాను. "సీజన్లో ఒక పూట కూడా నిలపలేనబ్బా. టైరు మార్చి, అలైన్‌మెంట్ చేసి పంపు. కాణిపాకం వినాయకుని సాక్షిగా చెప్తా ఉండా, ఆదివారం లోపల జాయింట్ మార్పిస్తా" అన్నాడు.

ప్రమాణాల దేవుడాయన, ఆ పేరెత్తాక మా వైపు ఎవరూ ఎదురు మాట్లాడరు. నేనూ సరేనన్నాను. కీలు వదులుగా ఉన్న బండికి అలైన్‌మెంట్ చేయకూడదు. అంతా సరిగ్గా ఉన్నట్టు మిషన్ స్క్రీన్ మీద అంకెలు పచ్చగానే వస్తాయి, రోడ్డెక్కగానే అబద్ధమైపోతాయి. తెలిసే చేశాను. పైగా ఆ అంకెలు కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చాను. సిగ్గుమాలిన పని.

మూడు వారాల తర్వాత, పొద్దున ఏడింటికి అదే జీపు గాలి కోసం వచ్చి ఆగింది, నిండా ఆడవాళ్లతో. కొత్త టైరు లోపలి అంచు అప్పుడే నున్నగా అరిగిపోయింది. అందరినీ దించి, జాకీ ఎత్తి ఊపితే మునుపటికన్నా ఎక్కువ ఆడింది. మళ్లీ ఓనరుకు ఫోన్ చేశాను.

"ప్రమాణం చేసినావు కదప్పా."

"ఆడికి పోయి, కోనేట్లో మునిగి చేస్తేనే ప్రమాణం. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు" అని నవ్వాడు. "అయినా అంతా బాగుండాదని నువ్వే కాగితం ఇచ్చినావు కదా. ఫ్యాక్టరీలో అదే సూపించినా."

ఆ నవ్వుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్ పెట్టేసి, ముందు సీట్లో వచ్చిన మునెమ్మను పిలిచాను. యాభై దాటిన మనిషి.

"అక్కా, ఒక చెయ్యి పైన పెట్టు, ఒకటి కింద. ఊపు."

ఊపింది. టకటకమనగానే చేతులు వెనక్కి తీసుకుంది.

"చక్రం ఇట్లా ఆడొచ్చునా?"

"ఆడకూడదు. ఊడితే బండి పల్టీ కొడతాది."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మూడు వారాలుగా."

నన్ను ఎగాదిగా చూసింది. "నా కూతురూ ఇందులోనే వస్తాది. మూడు వారాలు తెలిసి, ఈ పొద్దు చెప్తా ఉండావా?"

ఆమె వెనక్కి తిరిగి, "ఎవురూ ఎక్కబాకండి" అంది. పద్నాలుగు మందీ షాపు ముందే కూర్చున్నారు. కూలీలు ఇంకా రాలేదేమని ఫ్యాక్టరీ వాళ్లు ఓనరుకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. నిలపలేనన్న బండి నిలిచింది. పదింటికల్లా చిత్తూరు నుంచి కొత్త జాయింట్ వచ్చింది. వాళ్లకు మాత్రం ఆ పూట కూలి పోయింది.

ఇన్నేళ్లూ బండిలో లోపం ఉంటే ఓనర్లకే చెప్పాను. చక్రం ఊడిన రోజు ఓనరు అందులో ఉండడని నాకు తట్టలేదు. ఇప్పుడు జనాన్ని ఎక్కించుకునే బండి ఏదొచ్చినా, ఎక్కేవాళ్లలో ఒకరిచేత చక్రం ఊపించాకే జాకీ దించుతాను. ఓనర్లకు కోపం వస్తుంది. రానీ. మునెమ్మ అడిగిన మాట ఇంకొకరి నోట వినే ఓపిక నాకు లేదు.