వైరు వెంబడి వేలు

మా అత్త పోయింది. ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ పోయినాది. హాలు ఖాళీ చేసి పెట్టు" అన్నాడు, అంతే. ఆ మాట వినేసరికి నేను హాల్లోనే కంప్యూటర్ ముందు ఉన్నాను. అత్తను తెచ్చి పడుకోబెట్టాల్సింది ఆ హాల్లోనే. పక్కింటివాళ్లు పరుగున వచ్చి తలా ఒక సామాను పట్టుకున్నారు. ఎవరో వైరు లాగేసి, కంప్యూటర్ను మోసుకుపోయి వెనక గదిలో బియ్యం మూటల పక్కన పెట్టారు.

కర్మాంతరాలు ముగిసి చుట్టాలందరూ బస్సులెక్కాక దాన్ని మళ్లీ హాల్లోకి తెచ్చి వైరు తగిలించాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇంటర్నెట్ నడవడం మానేసి పాకడం మొదలుపెట్టింది. పోయిన మనిషి గురించి రాయమంటే ఈమె ఇంటర్నెట్ గోల ఎత్తుకుందేమిటని మీరు విసుక్కోవచ్చు. నేనూ విసుక్కుంటూనే ఉన్నాను. అత్తను తలుచుకుని ఒక పూట తీరిగ్గా ఏడుద్దామంటే ఆ తెర మీద గుండ్రంగా తిరిగే గుర్తు నన్ను ఏడవనివ్వలేదు.

నేను చేసేది బెంగుళూరు కంపెనీ పని. స్కాన్ చేసిన ఆసుపత్రి బిల్లులు తెరిచి, అందులోని వివరాలు నింపాలి. ఒక్కో బిల్లూ బోలెడు పేజీలు. ఇంటి నుంచి చేయాలంటే కంపెనీ షరతు ఒకటే: వైరుతో వచ్చే కనెక్షన్ ఉండాలి, వేగం తగ్గకూడదు. తగ్గితే బెంగుళూరు వచ్చి ఆఫీసులో కూర్చోవాలి. మాది అరవనాడులోని కారిమంగళం, మా ఆయనకు ఈ ఊళ్లోనే మోటారు పంపుల కొట్టు ఉంది. ఆయన కొట్టు వదిలి రాలేడు, నేను ఇల్లు వదిలి పోలేను. అంటే ఆ వైరు తెగితే నా ఉద్యోగం కూడా తెగినట్టే.

ఆ ఉద్యోగంలో నన్ను నిలబెట్టింది అత్తే. ఆమె వీధిలో ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది. మిషన్ హాల్లో ఒక మూల, నా కంప్యూటర్ ఇంకో మూల. వైరు వేయడానికి వచ్చిన మనుషులు ద్వారబంధానికి చిల్లి పెట్టబోతే ఈమె అడ్డం నిలబడి వాళ్లను అరవంలో కడిగేసింది. ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టే వాకిలికి చిల్లేమిటని. చివరికి ఆ వైరు ఇంటి చుట్టూ ప్రదక్షిణ చేసి, వంటింటి కిటికీలోంచి దూరి, గ్రైండర్ వెనకగా గోడ పట్టుకుని హాల్లోకి వచ్చింది. తర్వాత ఎప్పుడు రిపేరుకు ఎవరు వచ్చినా మొదట తిట్టేది ఆ దారినే. తిట్లు తినేది నేను. అత్త మాత్రం ఏమీ ఎరగనట్టు కాజాలు కుట్టుకుంటూ కూర్చునేది.

కానీ అదే మనిషి, నేను పనిలో ఉండగా ఎవరైనా వస్తే స్టూలు లాక్కుని వాకిట్లో కూర్చునేది. "కోడలు ఆపీసులో ఉండాది. సాయంత్రం రాండి" అనేది. వచ్చినవాళ్లు తొంగి చూస్తే నేను పదడుగుల దూరంలో కనబడుతూనే ఉండేదాన్ని. "అదో, ఆడ కూసోనుంది కదా?" అని ఎవరైనా అంటే, "కూసోనుంది మా ఇంట్లో కాదు, ఆపీసులో" అనేది కొంచెం కూడా నవ్వకుండా. మా పెద్ద ఆడపడుచు పెన్నాగరం నుంచి వచ్చినా అదే మాట. ఆవిడ అలిగి అన్నం తినకుండా వెళ్లిపోయిన రోజు కూడా ఉంది.

ఇంత మంచిదని చెబుతున్నాను కదా, ఆమెతో వేగడం మాత్రం సులువు కాదు. నెట్ నిదానించిందంటే చాలు, ఫ్యాను ఆపేసేది. తర్వాత ఫ్రిజ్ ఆపేసేది.

"ఫ్రిజ్‌కీ నెట్‌కీ సంబంధం లేదత్తా!"

"కరెంటు అంతా అది తాగేస్తా ఉంటే నీ దారానికి యాడ్నుంచి వస్తాది?"

వైరును ఆమె ఎప్పుడూ దారమనే అనేది. నాకు ఒళ్లు మండిపోయేది. పాలు విరిగిపోయాక తనే మళ్లీ, "ఫ్రిజ్ ఎవురు ఆపినారు?" అని అడిగేది.

ఆమె మాటల్లో నాకు ఇంకా ఎక్కువ చిరాకు తెప్పించింది ఒకటుంది. నేను కీబోర్డును బాదుతూ కంప్యూటర్ను తిడుతుంటే మిషన్ ఆపి నా వైపు తిరిగేది. "మిషన్ను తిట్టితే ఏమొస్తాదమ్మా? దారం తెగిందంటే రీలు కాడ్నుంచి సూది దాకా వేలు పెట్టుకుంటా రావల్ల. యాడో ఒగ కాడ చిక్కుంటాది." ఇది కుట్టు మిషన్ కాదత్తా అని ఎన్నిసార్లు అరిచానో లెక్కలేదు.

ఇక పోయిన ఏడాది ఆయుధ పూజ. మా ఊళ్లో ఆ రోజు బస్సు నుంచి సుత్తి దాకా అన్నిటికీ గంధం, కుంకుమ పెడతారు. అందరూ నలుగురికీ కనబడేలా ముందు వైపు పెడతారు. మా అత్త లెక్క వేరు. కుట్టు మిషన్‌కు సూది పక్కన పెట్టేది. గ్రైండర్‌కు రాయి తిరిగే చోట, మా ఆయన బండికి చైను దగ్గర. "మొకానికి పెట్టేది మనుషులకి. మిషన్‌కి పని యాడ జరుగుతాదో ఆడ పెట్టల్ల" అనేది.

మా కంపెనీకి ఆ రోజు సెలవు లేదు. నేను తలకు హెడ్‌ఫోన్ తగిలించుకుని సూపర్‌వైజరమ్మతో మాట్లాడుతున్నాను. అప్పటికే అత్తకు నాలుగడుగులు వేస్తే ఆయాసం. గంధం గిన్నె పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

"ఏమ్మా, దీంట్లో నీ పని యాడ జరిగేది?"

నేను మాట్లాడొద్దని చెయ్యి ఊపాను. కదల్లేదు.

"జెప్పు, పోతాను."

"వెనక! ఆ వైరు దారినే అంతా వస్తుంది!" అన్నాను పళ్లు కొరుకుతూ.

ఆమె గోడ పట్టుకుని వంగి, కంప్యూటర్ వెనక్కి చెయ్యి పోనిచ్చి, వైరు ఊడబీకింది. సూపర్‌వైజరమ్మ గొంతు సగం మాటలో ఆగిపోయింది. నేను అరిచిన అరుపుకి వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. "అరస్తావు ఏంటికి? మళ్లా తగిలించినాను కదా" అని, గిన్నె పట్టుకుని నింపాదిగా గ్రైండర్ దగ్గరికి వెళ్లింది. ఆ తర్వాత నెట్ మామూలుగానే నడిచింది. ఆ సంగతి మరిచిపోయాను.

ఇప్పుడు ఆమె లేదు. ఏడాది దాకా మా ఇంట్లో ఏ పండగా లేదు, ఆయుధ పూజ కూడా లేదు. నెట్ మాత్రం పాకుతూనే ఉంది. ఫోన్లో వైఫైతో చూస్తే అదే లైను గుర్రంలా పరుగెడుతుంది, కంప్యూటర్‌కు వచ్చేసరికి కుంటుతుంది. నా పాత కంప్యూటర్‌కు వైఫై పట్టే గుణం లేదు, ఉన్నా కంపెనీ ఒప్పుకోదు. మోడెం ఆపి మళ్లీ పెట్టాను. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. మోడెంలో వైరును ఇంకో కన్నానికి మార్చాను. వైరస్ ఉందేమోనని వెతికించాను. "జనం తొక్కినారు కదా, వైరే పొయ్యుంటాది" అని మా ఆయన కొత్త వైరు తెచ్చాడు. మోడెం నుంచి కంప్యూటర్ దాకా ఉన్న పాతది తీసి అది వేశాం. ఏమీ మారలేదు. కస్టమర్ కేర్ అమ్మాయి ప్రతిసారీ కొత్తగా విన్నట్టు విని, ఒకసారి ఆపి పెట్టండి మేడమ్ అనేది. ఆపి పెట్టి ఆపి పెట్టి నాకు ఆ స్విచ్ మీదే అసహ్యం పుట్టింది. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక లేచి వెళ్లి ఫ్రిజ్ ఆపేశాను. ఆపి, దాని తలుపుకు తల ఆనించి కాసేపు నిలబడ్డాను. నన్ను విసిగించే మనిషి కూడా లేకపోతే నేను ఎవరి మీద అరవాలి?

చివరికి లైను మనిషి వచ్చాడు. వాకిలి చూసి, కిటికీ చూసి, ఈ దారేమిటని అలవాటుగా నసిగాడు. తన ల్యాప్‌టాప్ తీసి నా వైరు దానికి తగిలించాడు. బ్రహ్మాండంగా నడిచింది. "లైన్ ఓకే అక్కా, సిస్టమ్ దాన్ పళసు" అన్నాడు. లైను బాగానే ఉంది, పాతదైంది నీ కంప్యూటరే అని. అతను అటు వెళ్లగానే సూపర్‌వైజరమ్మ ఫోను. ఆవిడా పాపం మంచిదే, అత్త పోయినందుకు సెలవు కూడా ఇప్పించింది. సోమవారం లోగా వేగం ఫొటో పంపకపోతే బెంగుళూరులో సీటు చూడక తప్పదని చెప్పింది. మా ఆయన విన్నాడు. వెళ్లి తల్లి స్టూలు మీద కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున నేను ఇక తిట్టడం కూడా మానేసి, నేల మీద కూర్చుని, మోడెం దగ్గర వైరు మీద వేలు పెట్టాను. ఎందుకు పెట్టానో మీకు చెప్పక్కర్లేదు. రీలు నుంచి సూది దాకా. వేలు గోడ వెంబడి జరిగి, కుట్టు మిషన్ కాళ్ల మధ్య నుంచి వచ్చి, కంప్యూటర్ వెనకకు చేరింది. ఎక్కడా చిక్కు లేదు. మిగిలింది ఆ కన్నమొక్కటే. అన్నీ ఆపేసి, వైరు ఊడదీసి, ఫోన్ టార్చ్ వేసి చూశాను.

లోపల పసుపుపచ్చగా ఉంది. అంచున కొంచెం ఎరుపు.

ఆమె బొట్టు పక్కన పెట్టలేదు. పని వచ్చే దారి అని నేనే చెప్పానుగా, సరిగ్గా కన్నంలోనే పెట్టింది. అప్పుడు తడిగా ఉండి సర్దుకున్న గంధం ఎండి గట్టిపడింది. చావింట్లో ఎవరో వైరు లాగి, నేను మళ్లీ కుక్కేసరికి ఆ పెళ్లలు లోపలి సన్నటి తీగల మీద పేరుకున్నాయి. "అత్తా!" అని గట్టిగా అరిచాను, బతికున్న మనిషి మీద అరిచినట్టే. మా ఆయన వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. నేను కన్నం చూపించాను. ఆయన చూసి, "ఇది అమ్మ పనే" అన్నాడు. కర్మాంతరాల్లో కూడా ఏడవని మనిషి అక్కడే గోడకు జారగిలబడి కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఇద్దరం తీరిగ్గా ఏడ్చాం.

ఆ తర్వాత పొడి టూత్‌బ్రష్ తెచ్చి, కింద కాగితం పరిచి, నెమ్మదిగా గీకాను. గంధం పొడి కాగితం మీద రాలింది. చాలాసేపు గీకి, ఊది, చూసి, మళ్లీ గీకి, వైరు తగిలించాను. ఇన్నాళ్లూ కన్నం పక్కన నారింజ రంగులో ఏడ్చిన చిన్న దీపం ఆకుపచ్చగా వెలిగింది. వేగం ఫొటో పంపాను. బెంగుళూరు సీటు ఇక అక్కర్లేదని సూపర్‌వైజరమ్మ జవాబిచ్చింది.

అత్త ఇంట్లో మాట్లాడింది తెలుగే అయినా ఆమెకు చదవడం వచ్చింది అరవమే. కాబట్టి ఇది రాసి ఆమె ముందు పెట్టినా, "ఏమి రాసినావు, జెప్పు" అనేది. చెబుతున్నాను అత్తా, విను. కాగితం మీది పొడి పారేయలేదు. రెండు చుక్కల నీళ్లు వేసి, వేలితో మెదిపి, కంప్యూటర్ వెనక్కి వంగి బొట్టు పెట్టాను. కన్నంలో కాదు, పక్కన. ఆ తడి ఆరేదాకా అక్కడే కూర్చున్నాను, దాని పక్కనే పచ్చ దీపం మిణుకుమంటుంటే.