వాల్వుకు అడ్డంగా రెండు స్పోకులు

మోటార్ సైకిల్ చక్రానికి స్పోకులు కట్టడంలో నాన్నది తిరుగులేని చెయ్యి. ఎవరైనా వాల్వుకు అడ్డంగా స్పోకులు కట్టి, గాలి పంపు మూతి దూరకుండా చేస్తే అగ్గిమీద గుగ్గిలమయ్యేవాడు.

ఇవాళ పొద్దున తన సొంత బండి చక్రం కట్టుకున్నాడు. కూతురే ఒక్కో స్పోకూ అందించింది. చక్రాన్ని తిప్పి తిప్పి చూస్తూ వంకరంతా తీశాడు. టైరు ఎక్కించాక ఆమె పంపు తెచ్చింది. మూతి దూరలేదు. వాల్వుకు అడ్డంగా రెండు స్పోకులు!

నాన్న వంగి చూసి ముఖం కందగడ్డ చేసుకున్నాడు.

"ఏ దద్దమ్మ కట్టాడే దీన్ని?"

వేళాకోళం అనుకుని ఆమె నవ్వబోయింది. ఆయన నవ్వలేదు.

"నిన్నే! ఎవడే వాడు?"

ఆయన వేళ్లకు పొద్దుటి గ్రీజు ఇంకా అలాగే ఉంది.