అన్నం చూసి గుర్రుమన్న పిల్లికూన

అశోక్ నగర్‌లో మేము కిరాయికి ఉంటున్న ఇంటి మెట్ల కింద ఒక పిల్లికూన దొరికింది. రెండు నెలలుంటాయేమో. తల్లి జాడ లేదు. ముక్కు చీమిడితో మూసుకుపోయి ఉంది. కింది వాటాలో ఉండే వయసు మళ్లిన ఇంటావిడ పెరుగన్నం మెత్తగా పిసికి దాని ముందు పెట్టారు. అది ఉరికి వచ్చి ఒక్కసారి నాకింది. కీచుమని అరిచి వెనక్కి దూకి, గిన్నెను చూసి గుర్రుమంది. కాసేపటికి మళ్లీ వచ్చింది, మళ్లీ దూకింది.

"ఏంది, అన్నం ఏమన్న కరుస్తదా దాన్ని?" అన్నారావిడ.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆకలి లేకపోతే ఎందుకొస్తుంది? ఉంటే ఎందుకు పారిపోతుంది? గిన్నె మార్చి చూశాను. చిక్కడపల్లి మార్కెట్ నుంచి చేప తెచ్చి ఉడికించి పెట్టాను. అదే తంతు. దగ్గరికి వంగితే నోట్లోంచి చొంగ, చెడ్డ వాసన.

మర్నాడు పొద్దున అట్టపెట్టెలో పెట్టుకుని నారాయణగూడలో పశువుల డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాను. ఇంటావిడ కూడా ఆటో ఎక్కారు.

డాక్టరమ్మ దాన్ని తువ్వాలులో చుట్టి నోరు తెరిచి చూపించింది. నాలుక అంచున నువ్వుగింజంత పుండ్లు రెండు. చిగుళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"జలుబు చేసే వైరస్సే అక్కా. నోట్ల పుండ్లు గూడ చేస్తది. ఆకలికి ఉరికొస్తది, నాకంగనే మండుతది. గిన్నెనే కరిచిందనుకుంటది, పాపం. పుల్లటి పెరుగు పెట్టకండి. నొప్పి మందు ఇస్తున్న, అది వేసినంక మెత్తగ, గోరువెచ్చగ పెట్టండి."

తిరుగు ఆటోలో ఇంటావిడ దవడ మీద చెయ్యి పెట్టుకున్నారు. నెమ్మదిగా అన్నారు: "నాది గూడ దవడ పన్ను సలుపుతనే ఉందమ్మా. ఎన్ని నెలలాయెనో. ఒక్క దిక్కే నములుతున్న."

ఆవిడ రోజూ అంత మెత్తగా కలుపుకుని తినడం వయసు వల్లనే అనుకున్నాను ఇన్నాళ్లూ. అడగాలని తోచనే లేదు.

రోజూ పొద్దున ఆవిడ కూనను ఒళ్లో పట్టుకుంటే నేను నొప్పి మందు చుక్కలు వేసి, ఉడికించి రుబ్బిన కోడిమాంసం వేలికి రాసి నాకించేదాన్ని. ఫోను లైటు వేసి పుండ్లు చూసేదాన్ని. నాలుగో రోజుకి అవి చిన్నవయ్యాయి. ఆరో రోజు కడుపునిండా తిని, కాలు చాపి ఒళ్లు నాక్కోవడం మొదలుపెట్టింది.

ఆ వారమే ఆవిడను హైదర్‌గూడలో పళ్ల డాక్టరుకి చూపించాను. పన్ను తీసేశారు. కూన చిగుళ్లు మళ్లీ వాచొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది కనుక, ఇప్పటికీ అప్పుడప్పుడు దాని నోరు తెరిచి చూస్తుంటాం.