చప్పుడు బావ పాప్ ఆల్బమ్

మా బావకు ఏ పనీ చప్పుడు లేకుండా చేయడం రాదు. తలుపు తట్టాడంటే పక్కింటివాళ్లూ ఎదురింటివాళ్లూ కూడా "ఎవరూ?" అంటూ బయటికొస్తారు. టీలో చక్కెర కలిపాడంటే గ్లాసు పగలాల్సిందే. మా అక్క పెళ్లయిన కొత్తలోనే గాజు గ్లాసులకు దణ్ణం పెట్టి స్టీలు గ్లాసులు కొనుక్కుంది. అలాంటి మనిషి మా రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయించక ఇంకేం చేస్తాడు? పక్కన నేనూ గిటార్ వాయించేవాణ్ణి. బావ చప్పుడులో ఆ సంగతి మా అక్కకు తప్ప ఎవరికీ తెలియదు.

బ్యాండు పెట్టింది మా గాయకుడు. అందరం ఆయన్ని అన్నా అనేవాళ్లం. కళ్లు మూసుకుని పాడడం తప్ప లోకంలో మరో పని ఎరగడు.

ఒకరోజు ఆల్బమ్ కంపెనీ మేనేజరు మమ్మల్ని పిలిపించాడు.

"రాక్ ఎవరు వింటున్నారండీ? పెళ్లాం పిల్లలతో కారులో వినేలా, మెత్తగా ఓ పాప్ ఆల్బమ్ చెయ్యండి."

అన్న పొంగిపోయాడు. బావ ముఖం మాత్రం మాడిపోయింది.

"మెత్తగా అంటే?"

"మీరు వాయిస్తున్నట్టే తెలియకూడదు."

"మరి నేనెందుకండీ?"

స్టూడియోలో డ్రమ్ముల మీద దుప్పటి కప్పారు. పల్లవంతా బావ బుద్ధిగానే వాయించాడు. చరణంలో పాట పైకెక్కి, అన్న పై స్వరం అందుకోబోయేసరికి "ఢాం!"

మేనేజరు చెవులు మూసుకున్నాడు. "అయ్యా, మెత్తగా అన్నాను కదా!"

"చెయ్యి జారిందండీ."

మళ్లీ మొదలుపెట్టాం. సరిగ్గా అక్కడే మళ్లీ జారింది. మధ్యాహ్నానికి మేనేజరుకు ఓపిక పోయింది. పుల్లలు లాక్కుని, తాళాన్ని మెషీనుకు అప్పగించాడు.

"ఆ పై స్వరం దగ్గరైనా కొట్టనివ్వండి సార్" అని బావ బతిమాలుతుంటే నేను పగలబడి నవ్వాను.

ఆల్బమ్ వచ్చింది. ఉప్పు లేని కూరలా ఉంది. మా పాత అభిమానులు తిట్టిపోశారు, పాప్ వినేవాళ్లు అటువైపే చూడలేదు. అది పెద్ద బాధ కాదు, అసలు దెబ్బ అన్నకు తగిలింది. డ్రమ్ముల మోత లేకుండా తన గొంతు తాను తేటగా వినడం అదే మొదటిసారి. పైకి వెళ్లిన ప్రతిచోటా అది చిరిగిపోతోంది. మా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నా గొంతు ఎప్పటినుంచి ఇలా ఉందిరా? ఇంక పాడను."

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఏ కచేరీలోనైనా బావ చెయ్యి జారేది ఆ పై స్వరం దగ్గరే! "డ్రమ్మర్ పాటను పాడుచేశాడు" అని పేపర్లు రాస్తే, బావ అది అక్కకు చదివి వినిపించి తెగ నవ్వేవాడు. తిట్లన్నీ తను తిని అన్న పరువు కాపాడుతూ వచ్చాడు. ఆ క్షణాన బావను గట్టిగా వాటేసుకోవాలనిపించింది.

అన్నకూ అది తట్టినట్టుంది. "నీకు తెలుసు కదూ? చెప్పలేదేం?" అంటూ పక్కనున్న బావను నిలదీశాడు.

"చెప్తే మానేస్తావని. నీ గొంతులో బంగారమంతా కిందే ఉందన్నా. పాటలు కిందికి దించుదాం. పైకెక్కమని ఎవరు ఏడ్చారు?"

తర్వాతి కచేరీలో అన్న భయంభయంగా కింది శ్రుతిలో ఎత్తుకున్నాడు. నిండుగా, వెచ్చగా వచ్చింది గొంతు. హాలు కిక్కురుమనలేదు. వెనక డ్రమ్స్ మీద బావ వేళ్లతో తాళం వేస్తున్నాడు, వినీ వినబడకుండా. అలవాటైన మోత వినపడక అన్నకు కంగారు పుట్టింది. చేతిలో మైకు ఉందన్న సంగతి మరచిపోయి వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్, ఉన్నావా?"

"ఉన్నానన్నా, వింటున్నా! నువ్వు పాడు!" అని బావ అరిచిన అరుపుకు ముందు వరుసవాళ్లు ఉలిక్కిపడి, ఆపైన నవ్వుతూ చప్పట్లు కొట్టారు.